ఫ్రిజ్జులో గీకిన మంచు

ఒక కథ నాకు మొదటినుంచి చివరిదాకా తెలుసు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలుసు. అయినా ఇక్కడ రాయను. అది నాది కాదు. నాది కాని కథని, చెప్పకూడని కాలంలో, నా గొప్ప కోసం ఒకసారి వాడుకున్నాను. ఆ సంగతి మాత్రం రాస్తాను.

నేను చదివింది ఐదో తరగతి. చదువు లేకపోయినా దేవుడు చెవులిచ్చాడు. ఒకసారి వింటే చాలు, మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు. గుంటూరు దగ్గర మా పల్లెలో ఎవరింట్లో నోము పట్టినా కథ చెప్పడానికి నన్నే పిలిచేవారు. ముత్తైదువలందరూ గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చుంటే, పుస్తకం లేకుండా గడగడా చెప్పేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. మెప్పు మరిగిన నోరు ఊరికే ఉండదని అప్పుడు నాకు తెలియదు.

కంప్యూటరు నేర్చిన ప్రతివాళ్లకీ విమానం టిక్కెట్టు వస్తున్న రోజులవి. మా అమ్మాయికీ అల్లుడికీ ఒకేసారి సింగపూర్లో ఉద్యోగాలొచ్చాయి. పొద్దున పోతే రాత్రికి గానీ రారు. మనవరాలిని చూసుకోవడానికి నేను వచ్చాను. యూ టీ అనే పేటలో, తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. పొడుగాటి వసారా, వసారా పొడుగునా తలుపులు, తలుపుల ముందు చెప్పులు. ఏ తలుపు ముందు ఎన్ని జతలున్నాయో చూసి ఏ ఇంటికి చుట్టాలొచ్చారో చెప్పేసేదాన్ని.

మాకు నాలుగు తలుపుల అవతల ఒకావిడ ఉండేది. నడుం దాటిన జడ, చామన ఛాయ, వెడల్పాటి మొహం. లిఫ్టులో మలయావిడలు ఆవిణ్ణి మలయ్‌లో పలకరించేవారు. నేనేమో మన ఈశాన్యం వైపు మనిషేమో అనుకున్నాను. అమెరికానుంచి వచ్చారని తెలిసి నమ్మలేదు. అమెరికా అంటే తెల్లవాళ్లేగా. ఆవిడ భర్త తెల్లాయనే, కంప్యూటరు చిప్పులు చేసే కంపెనీలో పని. ఆవిడ మాత్రం ఆ తెల్లవాళ్లు రాకముందునుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్ల బిడ్డ. మా అల్లుడు సినిమాల్లో విన్న పేరేదో అన్నాడు. మనవరాలు గయ్యిమంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

"డాడీ, డోంట్ సే దట్ లా! దే ఆర్ ఓజిబ్వే. షి టోల్డ్ మి."

ఆవిడ కూతురూ మా మనవరాలూ ఒక్క ఈడు, ఎనిమిదేళ్లు. ఒకే బడి. ఆవిడ ఒక చిన్నపిల్లల బడిలో పని చేసేది కాబట్టి మధ్యాహ్నాలు ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండేది. నా ఇంగ్లీషు కమ్, సిట్, ఈట్ దాటి లేదు. మిగతాదంతా మా మనవరాలే ఇటూ అటూ మోసేది.

ఒకరోజు వాళ్లింటికి వెళితే, తినడానికి ముందు ఆవిడ వండినవన్నీ కొంచెం కొంచెం ఒక చిన్న పళ్లెంలో తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఎవరికే అది అని మనవరాలితో అడిగించాను.

"వాళ్ల పెద్దవాళ్లకంట అమ్మమ్మా. డెడ్ పీపుల్."

నా మనసు కరిగిపోయింది. "మా ఇళ్లల్లోనూ అంతేనని చెప్పవే. ముందు కాకికి పెట్టాకే మనం తినేది."

ఆవిడ నవ్వింది. ఇక్కడ మైనాలు వస్తున్నాయంట. పెద్దవాళ్లు కూడా సింగపూర్ వచ్చాక వేషం మార్చారని అంది. ఆ రోజునుంచి ఆవిడ నాకు సొంత మనిషైపోయింది.

ఇంత పెద్ద ఊళ్లో వాళ్ల వాళ్లు ఎంతమందో తెలుసా? నలుగురు. ఆవిడ, ఆవిడ కూతురు, బూన్ లేలో ఫ్యాక్టరీ యంత్రాలు బిగించే ఒక పెద్దాయన, పాయా లేబర్లో గది తీసుకుని నీళ్ల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి. అంతే. మనవాళ్లు ఉగాదికి హాలు పట్టక వరండాలో నిలబడేవారు. వాళ్ల పండగ ఒక్క సోఫాలో పట్టేది.

వాళ్లకి ఒక పద్ధతి ఉంది. వాళ్ల పెద్ద కథలు, అంటే తాతముత్తాతలనుంచి వచ్చే అసలు కథలు, నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. మంచు కరిగిందా, నోరు మూసుకోవాలి. మళ్లీ మంచు పడేదాకా వాటి ఊసెత్తకూడదు. ఆ కథల్లో ఉన్నవాళ్లు మేలుకుని తిరిగే కాలంలో వాళ్ల మాట ఎత్తకూడదని. ఎండాకాలంలో చెబితే కప్పలు పక్కలోకి వస్తాయని ఆవిణ్ణి చిన్నప్పుడు వాళ్లమ్మ బెదిరించేదంట.

మరి సింగపూర్లో మంచెక్కడిది? ఇక్కడున్నవి రెండే కాలాలు. వాన పడుతున్న ఎండ, వాన పడబోతున్న ఎండ. అందుకని ఆవిడ ఒక ఏర్పాటు చేసుకుంది. వాళ్ల ఊరి చెరువు గట్టు మీద మొదటి మంచు పడి నిలవగానే, అక్కడినుంచి వాళ్లమ్మ ఫోను చేసేది. అక్కడ సాయంత్రమైతే మనకి మర్నాటి పొద్దున. ఆ ఫోను వచ్చాక ఆవిడ మిగతా ఇద్దరికీ ఫోను చేసేది. బూన్ లే పెద్దాయన, పాయా లేబర్ అమ్మాయి రైలెక్కి వచ్చేసేవారు. నలుగురూ కూర్చుని కథలు చెప్పుకునేవారు.

మొదటి ఏడు నవంబర్లో నన్నూ నా మనవరాలినీ కూడా పిలిచారు. నేను గారెలు వండి పట్టుకెళ్లాను. ఆవిడ తెరలు దించి, దీపం పెట్టి, కథ మొదలుపెట్టింది. కొంత వాళ్ల భాష, కొంత ఇంగ్లీషు. మనవరాలు నా చెవిలో గుసగుసగా తెలుగు చేస్తూ పోయింది. నేను మాటలు వింటూనే ఎక్కువగా ఆ చిన్నపిల్లని చూశాను. వాళ్లమ్మ మోకాలికి ఆనుకుని, రెప్ప వాల్చకుండా, ఊపిరి కూడా అడిగి పీలుస్తున్నట్టు కూర్చుంది. ఇన్నేళ్లు కథలు చెప్పాను గానీ, అలా విన్న పిల్ల నాకెప్పుడూ దొరకలేదు.

వచ్చేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మనవరాలు తెలుగులో చెప్పింది. "అమ్మమ్మా, మంచు ఉన్నన్నాళ్లే అంట. కరిగాక ఎవ్వరికీ చెప్పకూడదంట. నువ్వు అన్నీ గుర్తుపెట్టుకుంటావని నేనే చెప్పేశా. అందుకే చెబుతోంది."

"చెప్పనని చెప్పవే. మా నోము కథలూ అంతే. నోము నాడే చెప్పుకుంటాం," అన్నాను. నాకు అర్థం కాక కాదు. పూర్తిగా అర్థమయ్యే మాటిచ్చాను.

ఇప్పుడు నా బుద్ధి ఎలాంటిదో చెప్పాలి. పరాయి ఊళ్లో మన పూజలు చేసుకోవడం ఎలాగో మీకు తెలుసు. వినాయకచవితికి ఇరవై ఒక్క పత్రి కావాలి. ఇక్కడ ఏం దొరుకుతుంది? కింద బ్లాకు చుట్టూ తిరిగి ఏడు రకాల ఆకులు తుంపుకొస్తే మా అమ్మాయి తల కొట్టుకుంది.

"అమ్మా, ఫైనేస్తారే! ఇదేమన్నా మనూరి దొడ్డా?"

"దేవుడికని చెబుదాంలే."

మిగతా పద్నాలుగింటికీ అక్షింతలు వేసేశాను. పట్టుబట్ట లేకపోతే దూదితో వస్త్రం. నగ లేకపోతే అక్షింతలు. బంగారు పువ్వు లేకపోతే అక్షింతలు. లేనిదానికల్లా అక్షింతలే. దేవుడు సర్దుకుంటాడు. పరాయి దేశంలో మనం ఇలా బతికి బట్టకట్టాం. ఇందులో తప్పు లేదు. కాకపోతే ఈ సర్దుబాటు నా ఇంటిది. దాన్ని ఇంకొకరి ఇంటి మీద రుద్దాను.

జూన్ సెలవులు. బయట ఒకటే వాన. మా బ్లాకులో మనవాళ్ల పిల్లలు ముగ్గురు, నా మనవరాలు, ఆ పిల్ల, మొత్తం ఐదుగురు మా హాల్లో ఉన్నారు. బొమ్మల చానెల్ చూసి విసిగిపోయారు. కథ చెబుతా రండర్రా అన్నాను. ఎలుగుబంటీ ముసలమ్మా కథ ఎత్తుకున్నాను.

"అయ్యో అమ్మమ్మా, మళ్లీ అదేనా! ఆల్ సేమ్ సేమ్ వన్," అంది నా మనవరాలు. మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. ఒకడు దిండు మొహాన కప్పుకుని గుర్రు పెట్టినట్టు నటించాడు.

నాకు ఒళ్లు మండింది. ఊరందరినీ కూర్చోబెట్టి కథ చెప్పినదాన్ని, ఈ చిటికెడు పిల్లలు గుర్రు పెడతారా. అప్పుడు ఆ పిల్ల మొహం కనబడింది. నవంబర్లో అది విన్న తీరు గుర్తొచ్చింది. ఆ నిశ్శబ్దం ఒక్కసారి నా కథకి కావాలనిపించింది. అసలు సంగతి అదీ. వేరే కారణమేమీ లేదు.

"ఇది కాదు, ఇంకోటి చెబుతా. మంచు కథ," అన్నాను.

నా మనవరాలు తల ఎత్తింది. "అమ్మమ్మా, నో. కెనాట్."

ఆ పిల్లకి తెలుగు రాదు గానీ, మా ఇద్దరి మొహాలు చూసి పట్టేసింది. లేచి నిలబడింది. "నాట్ నౌ, ఆంటీ. నో స్నో."

"స్నోనే కదా కావాల్సింది?" అని వంటింట్లోకి వెళ్లాను. మా ఫ్రిజ్జు పాతది. పై అరలో బెత్తెడు మందాన మంచు కట్టేది. అట్లకాడతో గరగరా గీకి స్టీలు పళ్లెం నిండా పోసి తెచ్చి, హాలు మధ్యలో పెట్టాను.

"ఇదిగో స్నో. ఇప్పుడు ఓకే?"

పిల్లలంతా ఓ అని అరిచి చేతులు పెట్టారు. ఆ పిల్ల కూడా వంగి ఒక వేలితో తాకింది. నా మొహంలోకి చూసింది. నేను పెద్దదాన్ని. పెద్దవాళ్లు సరే అంటే సరేనేమో అని దాని కళ్లలో ఒక ఆశ. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మొదలుపెట్టాను. తెలుగులో కొంత, చేతులతో కొంత, నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలు కొంత. ఆ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను ఆపలేదు. గొంతు తగ్గించాను. ఎక్కడ తగ్గించాలో నాకు తెలుసని చెప్పాగా. మెల్లగా దాని చేతులు జారాయి. ఐదుగురూ కదలకుండా విన్నారు. గుర్రు పెట్టినవాడు దిండుని గట్టిగా కావలించుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. ఇన్నేళ్లలో అంత బాగా ఏ కథా చెప్పలేదు.

కథ అయ్యేసరికి పళ్లెంలో నీళ్లే ఉన్నాయి. ఆ పిల్ల ఆ నీళ్ల వైపు చూస్తూ, "ఫినిష్డ్," అంది. అయిపోయిందన్నది కథ కాదు. మంచు.

సాయంత్రం వాన ఆగాక కింద కాలవలో కప్పలు అరిచాయి. ఇక్కడి కప్పలు ఎద్దు రంకె వేసినట్టు అరుస్తాయి. రోజూ అరిచేవే. ఆ రోజు ఆ పిల్ల వసారాలో ఆగిపోయి, వాళ్ల తలుపు దాకా ఒక్క పరుగు తీసింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు వాళ్లమ్మే వచ్చి మా తలుపు కొట్టింది. మనిషి నలిగిపోయి ఉంది. మా మనవరాలు మాటలు మోసింది. పిల్ల పడుకోవడం లేదంట. దుప్పటి దులిపి దులిపి చూస్తోందంట. కాలవ పక్కనుంచి నడవనంటోందంట. ఎందుకంటే చెప్పదంట.

"మీ ఇంట్లో ఏమన్నా జరిగిందా అని అడుగుతోంది అమ్మమ్మా."

పాపం ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. పెద్దవాళ్ల మీద చాడీ చెప్పకూడదనుకుందో, తనూ విన్నందుకు తప్పు తనదే అనుకుందో. అప్పుడైనా చెప్పాల్సింది. ఒక్క మాట.

"ఏం జరగలేదని చెప్పవే," అన్నాను.

మనవరాలు నన్ను చూసింది. నేను కళ్లు తిప్పుకుని తలుపు గడియ తుడిచాను. అది ఆవిడ వైపు తిరిగి, "నథింగ్ హ్యాపెన్డ్, ఆంటీ," అంది. చిన్న గొంతుతో.

ఆవిడ నా చెయ్యి నొక్కి, పిల్లని ఇంత ప్రేమగా చూసుకుంటున్నందుకు థాంక్యూ అని వెళ్లిపోయింది. కథ దొంగతనం ఒకటి. ఎనిమిదేళ్ల పిల్ల నోటితో అబద్ధమాడించడం రెండోది. రెండోది నన్ను ఎక్కువ తినేసింది. ఆ రోజునుంచి మా మనవరాలు నేను చెప్పమన్న మాట చెప్పే ముందు ఒక్క క్షణం ఆగేది. అంతకుముందు ఆగేది కాదు.

నెలలు గడిచాయి. పిల్ల మెల్లగా మామూలైంది గానీ మా ఇంటికి రావడం తగ్గింది. నేను లిఫ్టు దగ్గర ఆవిడ కనిపిస్తే మెట్లవైపు తిరిగేదాన్ని. తొమ్మిది అంతస్తులు, ఈ మోకాళ్లతో.

మళ్లీ నవంబర్ వచ్చింది. ఒక పొద్దున వాళ్లింట్లో ఫోను మోగడం, ఆవిడ గట్టిగా నవ్వడం వినపడింది. మంచు పడిందన్నమాట. నిరుటిలాగే మినప్పప్పు నానబోశాను. మధ్యాహ్నానికి ఆ తలుపు ముందు రెండు జతల చెప్పులు వచ్చాయి. గారెలు వేస్తూ ఉండగానే, అరగంటలో, ఆ చెప్పులు పోయాయి. బూన్ లే పెద్దాయన మా వంటింటి కిటికీ ముందునుంచి తల వంచుకుని వెళ్లాడు.

వసారాలోకి వెళ్లాను. ఆవిడ వెదురు గడకి బట్టలు గుచ్చుతోంది. మనవరాలిని పిలిచి అడిగించాను, ఇవాళ కథలు లేవా అని.

ఆవిడ చాలాసేపు ఒక చొక్కానే సరి చేసింది. తర్వాత చెప్పింది. "పిల్ల భయపడుతోంది. కథ అంటేనే వణుకుతోంది. వాళ్లిద్దరికీ తిండి పెట్టి పంపించేశాను. తప్పు నాదేనేమో. మంచు అక్కడ, మేమిక్కడ. ఫోనులో చెప్పిన మంచుని నమ్ముకుని ఇంత దూరం ఈ కథల్ని తేకూడదేమో. మా అమ్మకి ఈ మాట ఎట్టా చెప్పాలో తెలియడం లేదు."

ఆవిడ తన తప్పేమిటా అని వెతుక్కుంటోంది. ఆ తప్పు నా చేతిలో అట్లకాడై ఉంది.

ఇంట్లోకి వచ్చి పొయ్యి ఆపేశాను. గారెలు ఒక గిన్నెలో పెట్టాను. మనవరాలు చెప్పులేసుకోబోయింది.

"నువ్వు రావొద్దు బంగారం. ఇది నేనే చెప్పాలి."

"బట్ అమ్మమ్మా, యు డోంట్ నో ఇంగ్లీష్."

"ఉన్నంత చాలు."

వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. దారంతా మనసులో అనుకుంటూ వెళ్లిన ముక్కలు ఇవి. "జూన్. మై హౌస్. యువర్ స్టోరీ, ఐ టెల్. ఫ్రిజ్ స్నో. యువర్ గర్ల్ సే నో. ఐ టెల్. యు ఆస్క్, ఐ లై. మై గర్ల్ నో లై. ఐ లై."

ఆవిడ ఒకటే అడిగింది. "ఆల్ ఆఫ్ ఇట్?"

"ఆల్," అన్నాను.

లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల వచ్చి తలుపు వెనకాల నిలబడింది. చెప్పు అన్నట్టు ఆవిడ నా వైపు చూసింది. నేను కింద కూర్చుని, దాని కళ్లకి నా కళ్లు సమానం చేసుకుని, మళ్లీ అవే ముక్కలు చెప్పాను. నీ తప్పు లేదు, నా తప్పు అన్నాను.

పిల్ల తలుపు వెనకనుంచి తల బయటపెట్టింది. "ఫ్రాగ్ కేమ్ టు యువర్ బెడ్, ఆంటీ?"

"ఎవ్రీ డే," అన్నాను. అబద్ధం కాదు అది.

వాళ్లమ్మ నా చేతిలో గిన్నె తీసుకుంది. ఒక గారె తుంపి కిటికీ గట్టు మీది చిన్న పళ్లెంలో పెట్టింది. తర్వాత వచ్చి మెల్లగా, చప్పుడు కాకుండా, తలుపు వేసింది. క్షమించినట్టో కాదో నాకు తెలియలేదు. లోపలికి రమ్మనలేదన్నది మాత్రం తెలిసింది.

మర్నాడు ఆ తలుపు ముందు మళ్లీ రెండు జతల చెప్పులు. తర్వాత ఆ పిల్లే మా ఇంటికొచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుంది. "మమ్మీ సేస్ యు కమ్," అని, నా వైపు చూసి తల దించుకుంది. మా మనవరాలి బొమ్మల చెప్పులు ఆ గుమ్మం ముందు మూడో జత అయ్యాయి. తెరలు దించారు. నేను మా గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ మూడు జతల్నీ చూస్తూ కూర్చున్నాను.

మనవరాలు వచ్చాక అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఏం కథే ఇవాళ?"

"దట్ వన్ కెనాట్ టెల్ లా, అమ్మమ్మా," అంది. కోపం లేదు మాటలో. నేను నేర్పలేకపోయింది అది అక్కడ నేర్చుకుని వచ్చింది.

ఆ ఏడాది తిరక్కముందే కంప్యూటరు కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మనుషుల్ని తీసేశాయి. వాళ్లాయన పనీ పోయింది. అమెరికా తిరిగి వెళ్లే రోజు ఆవిడ మా ఇంటికొచ్చి, మా ఫోను నెంబరు కాగితం మీద రాయించుకుంది. నా రెండు చేతులూ పట్టుకుంది. మంచు పడితే మీకూ ఫోను చేస్తానంది. మంచు ఉన్నప్పుడు ఆ కథ మీరు చెప్పుకోవచ్చంది. అంత తప్పు చేసినదాన్ని ఆ వరసలో చేర్చింది.

ఆవిడ రాసిచ్చిన అడ్రసు కాగితం ఫ్రిజ్జు తలుపు మీద అంటించాను. నాలుగు నెలలకి అల్లుడికి వేరే ఉద్యోగం వచ్చి మేం పాయా లేబర్ వైపు మారాం. ఫోను నెంబరు మారింది. ఒక ఉత్తరం రాయిద్దాం అమ్మమ్మా అని మనవరాలు రెండు మూడుసార్లు అంది. రేపు రాద్దాంలే అన్నాను. కొత్త నెంబరు తెలిస్తే ఆవిడ ఫోను చేస్తుంది, ఆవిడ గొంతు వినడానికి మొహం చెల్లలేదు. నవంబర్ వెళ్లిపోయింది. పాత ఫ్రిజ్జుతోపాటు ఆ కాగితం కూడా పోయింది.

ఇప్పటి ఫ్రిజ్జుల్లో మంచు కట్టదు. కథ మాత్రం నా నోట్లో అలాగే ఉంది, ఒక్క మాట చెక్కుచెదరలేదు. ఏటా నవంబర్లో పొద్దున పూట ఫోను మోగితే చెయ్యి తుడుచుకుంటూ లేస్తాను. మా అమ్మాయి నవ్వుతుంది, ఎవరి కోసమే అంత హడావిడి అని. నాకు తెలుసు, ఆవిడ దగ్గర ఉన్నది యూ టీ నెంబరు. ఆ ఫ్లాటులో ఇప్పుడెవరున్నారో. మంచు పడింది ఆంటీ అని ఆవిడ చెబితే, ఆ ఇంట్లోవాళ్లు రాంగ్ నెంబర్ అని పెట్టేసి ఉంటారు.